అద్దం నీళ్లు

మృగశిర కార్తె, మొదటి రోజు

నడి మెట్టు నుంచి గుమ్మడి సింహాద్రి మాట్లాడుతున్నా. పొద్దున్న మబ్బు బాగానే దిగింది. మేకలు క్షేమం. మనుషులు మామూలే.

ఈ మాటపెట్టెలో రోజూ ఏదో ఒకటి చెప్పాలని నీటి సంఘం రూలు. మా కొండగట్టుకి మూడు మెట్లు, మెట్టుకొకడు చెప్పాలి. మా మెట్టు మీద ఈ పనికి ఎవడూ ముందుకు రాకపోతే, ఎక్కువ వాగేవాడెవడా అని చూసి నా మెళ్లో వేశారు. ఇదంతా ఎవరు వింటారండీ అంటే 'భవిష్యత్తు తరాలు' అన్నారు. అంటే ఎవరూ వినరన్నమాట. మంచిదే, నిజాలు చెప్పుకోవచ్చు.

భవిష్యత్తు తరాల వారికి మంచినీళ్లు ఎక్కణ్ణుంచి వస్తున్నాయో నాకు తెలీదు. మాకైతే చెట్టు చంకలోంచి వస్తాయి. గట్టు మీద ఇంటికో దొప్పనాస ఉంటుంది. అనాసకి పెద్దమ్మ అనుకోండి. ఆకు మనిషంత పొడుగు, చెట్టు మంచమంత వెడల్పు. మబ్బు ఆకు మీద వాలి, జారి, ఆకు మొదట్లో ఉన్న చంకలో చేరుతుంది. చంకకో బిందెడు నీళ్లు. సముద్రం వచ్చి కింద ఊళ్లన్నిటినీ మింగేశాక బావి అన్న మాట సామెతల్లోనే మిగిలింది.

ఆ చంకల్లో నీళ్లొక్కటే ఉండవు. తోకపురుగులు, వానపాముల్లాంటి ఎర్రలు, గోరంత పీతలు, బొటనవేలి మీద కూర్చోగల కప్ప, ఒక ఊరే ఉంటుంది. రాలిన ఆకుని పురుగులు కొరుకుతాయి. వాటి తుక్కు ఎర్రలు తింటాయి. అందరూ వదిలింది చెట్టు తాగుతుంది. పైన తేరింది మేం గుడ్డలో వడగట్టి కాచుకుంటాం. ఎవరి పని వాళ్లు చేసుకుంటారు, మీటింగు పెట్టుకోరు. గట్టు మొత్తానికి సవ్యంగా నడిచే సంఘం అదొక్కటే.

ఇవాళ ముంత మార్పిడి. ఏడాదికోసారి ప్రతి ఇల్లూ పక్కింటి చెట్టుకి ఒక ముంత నీళ్లు, పురుగూ పుట్రాతో సహా, తోడు వెయ్యాలి. పాలకి పెరుగు తోడు వేసినట్టే. మన పీతలు పోతే వాళ్ల పీతలొస్తాయి, వాళ్ల కప్ప పోతే మన కప్ప వెళ్తుంది. తీసుకున్నవాడు తిరిగివ్వాలి. ఇచ్చేటప్పుడు తిట్టుకోవాలని రూలేం లేదు గానీ, నా ఎరికలో ఎప్పుడూ తప్పలేదు.

మా మార్పిడి పక్కింటి బంగారమ్మ వదినతో ఉండేది. నా ముంతలోకి తొంగిచూసి "మరిదీ, ఇందులో పీతల కన్నా నీ గెడ్డం ఎంటికలే ఎక్కువున్నాయి" అనేది. కిందటేడు ఆవిణ్ణి కింది మెట్టుకి దింపేశారు. నీళ్లు మురికిగా ఉన్నాయని సంఘం వాళ్లు చెట్టుకి ఎర్రదారం కడతారు. మూడు దారాలు పడితే చెట్టు పీకేస్తారు. చెట్టు లేనివాళ్లు కింది మెట్టుకి పోవాలి. అక్కడ ఉప్పు మబ్బు, సముద్రాన్ని వడగట్టిన యంత్రం నీళ్లు. ఆ నీళ్లతో టీ కాస్తే మేకు ఉడకబెట్టి తాగినట్టుంటుంది.

మా చెట్టుకి రెండు దారాలున్నాయి.

మా చెట్టు అన్నాను గానీ అది నా భార్య పైడితల్లిది. పెళ్లినాడు పుట్టింటి నుంచి పిలకగా ఒళ్లో పెట్టుకుని తెచ్చుకుంది. ముందు దాన్ని నాటింది. నన్ను ఆ తర్వాత చూసింది.


మృగశిర, వారం పోయాక

మా నీటి సంఘం అధ్యక్షులు లోకనాథం గారు రాజధాని గట్టుకి శిక్షణకి వెళ్లి తిరిగొచ్చారు. వెళ్లేటప్పుడు మామూలు మనిషే. వచ్చేటప్పుడు మాటల్లో 'దార్శనికత' అనే రోగం తెచ్చుకున్నారు. మబ్బు దిగడం కొలిచే స్తంభాలకి కట్టిన మైకుల్లోంచి పొద్దుటే మొదలుపెట్టారు.

"ప్రియమైన గట్టువాసులారా! శతాబ్దాల మాలిన్యానికి నేటితో స్వస్తి. మన దొప్పలు అద్దాలు కావాలి!"

పోటీ అట. అద్దం పోటీ. లోకనాథం గారు ఇంటింటికీ వచ్చి ప్రతి చెట్టు చంకలోకీ వంగుతారు. ఎవరి నీళ్లలో ఆయన మొహం స్పష్టంగా కనబడితే వాళ్లకి మొదటి బహుమతి, మెళ్లో పతకం, పై మెట్టు మీద ఇల్లు. మబ్బు మొదట దిగేది అక్కడేగా. ఎవరి నీళ్లలో కనబడకపోతే వాళ్లకి ఎర్రదారం.

ఇలాటి పోటీ పెట్టాలంటే ధైర్యం ఉండాలి. ఆ మొహం అంత స్పష్టంగా చూసుకోవాలని వాళ్లింట్లోనే ఎవరికీ లేదు.

మధ్యాహ్నానికి మా ఇంటికొచ్చారు. వెనకాల దారం ఉండ పట్టుకుని హిమబిందు. మా మెట్టు పిల్లే, ఈమధ్యే సంఘంలో ఉద్యోగంలో చేరింది. లోకనాథం గారు పంచె ఎగ్గట్టి మా చెట్టులోకి వంగారు. మా కప్పకి పరాయి మొహాలు పడవు. ఎగిరి ఆయన ముక్కు మీద కూర్చుంది.

"ఏమిటిది!" అన్నారు ఆయన, ముక్కు కదపకుండా.

"కప్పండి," అన్నాను.

"అది తెలుసు. ఇక్కడెందుకుంది?"

"అది పుట్టింది అక్కడేనండి. మీరే కొత్తగా వచ్చారు."

పైడితల్లి వచ్చి కప్పని చిటికెన వేలితో తీసి మళ్లీ చంకలో వేసింది. లోకనాథం గారు ముక్కు తుడుచుకుని, "ఆరుద్ర కార్తెలో మళ్లీ వస్తాం. అప్పటికీ ఇలాగే ఉంటే మూడోదే," అన్నారు. హిమబిందు నా వైపు చూడకుండా దారం ఉండ వైపు చూసింది.


ఆరుద్ర, మొదట్లో

మొదటి బహుమతి వచ్చేసింది. ఎవరికో చెబితే మీరు నమ్మరు. నా బావమరిది తవిటినాయుడికి.

తవుడు పైడితల్లికి తమ్ముడు. ఇల్లు మా వరసలోనే, చివర. పొద్దున లేచి మొహం కడుక్కోడమే పెద్ద పండగ వాడికి. అలాంటివాడి చెట్టులో నీళ్లు గాజులా ఉన్నాయి. అడుగున పడ్డ ఆకు ఈనెలు లెక్కపెట్టొచ్చు. లోకనాథం గారు అందులోకి వంగి ఎంతసేపు చూసుకున్నారంటే, పడిపోతారేమో అని హిమబిందు ఆయన చొక్కా పట్టుకుంది.

దానికి 'తల్లి దొప్ప' అని పేరు పెట్టారు. ఇక గట్టు మీద అందరూ ఆ చెట్టు నీళ్లే తోడు తెచ్చుకోవాలి. మైకులో ఇంకో ముక్క కూడా చెప్పారు: పుల్లటి పెరుగులో కమ్మటి తోడు వేస్తే కమ్మటి పెరుగు అవుతుందా? కాదు కదా! కాబట్టి పాత నీళ్లన్నీ పారబోసి, చంకలు శుభ్రంగా తోమి, అప్పుడు కొత్త తోడు వెయ్యండి.

ఈ మాటతో గట్టంతా బుట్టలో పడిపోయింది. నీళ్ల గురించి శాస్త్రం చెబితే మావాళ్లు చెవులు మూసుకుంటారు. పెరుగు గురించి చెబితే మాత్రం వెంటనే నమ్ముతారు. ఆ మధ్యాహ్నమే ప్రతి ఇంటి ముందూ కొబ్బరిపీచుతో చంకలు తోముతున్న చప్పుడు. పీతలు, కప్పలు, ఎర్రలు అన్నీ కాలవలో కొట్టుకుపోయాయి. తరవాత ముంతలు పట్టుకుని తవుడింటి ముందు బారులు.

నేనూ చూడ్డానికి వెళ్లాను. తవుడు ముక్కాలిపీట మీద కూర్చుని గరిటెతో పోస్తున్నాడు. భుజాన కొత్త తువ్వాలు, మెళ్లో పతకం. పై మెట్టు ఇల్లు మాత్రం ఇంకా చేతికి రాలేదు. అడిగినవాళ్లకి ఒక గరిటె, పొగిడినవాళ్లకి రెండు.

"ఏరా తవుడూ, నీ పీతలేవిరా?"

"సిగ్గుపడి అడుక్కెళ్లిపోనాయి బావా."

"అడుగు కనబడతంది కదరా."

"ఇంకా అడుక్కి."

"మరి కప్ప?"

"ఊరెళ్లింది. నీకేటి బావా, పోలీసోడిలాగ? ముంత తెచ్చేవా, లేదా?"

తేలేదు. ఇంటికొచ్చి పైడితల్లికి చెబితే ఆవిడ చెప్పింది ఇది: "నా చెట్టు జోలికొచ్చినోడి చేతులు ఇరగ్గొడతాను. తమ్ముడైనా, మొగుడైనా, అధ్యక్షుడైనా." వరసలో నేను మధ్యలో ఉన్నాను. అది నాకు గౌరవమే.


ఆరుద్ర, ఇంకా

పైడితల్లి చోడి చేలో నాట్లకి ఆవలి గట్టుకి వెళ్లింది. రావడానికి రెండు మూడు రోజులు.

హిమబిందు గుమ్మంలోకి వచ్చి నిలబడింది. "మామయ్యా, రేపు మీ వరసకొస్తన్నాం. పచ్చగా ఉంటే కట్టక తప్పదు. నాకు కొత్త ఉద్యోగం. కోప్పడకండి," అంది.

"కోపమేటమ్మా," అన్నాను.

మూడోదారం పడితే చెట్టు పీకేస్తారు. పారబోస్తే చెట్టైనా ఉంటుంది, ఇల్లూ ఉంటుంది. చెట్టు ముఖ్యమా, పురుగులు ముఖ్యమా అని మేకల్ని అడిగాను. అవి నెమరేస్తూ ఊరుకున్నాయి. ఆలోచన చెప్పమంటే తల ఊపనివాళ్లని నేను చూసింది వాటినే.

ఇవాళ చేసిన పని: నీళ్లు తీశాను. చంకలు తోమాను. అన్నీ కాలవలో పోశాను. పీతలు కొన్ని పీచుని పట్టుకుని రానన్నాయి, దులిపాను. కప్ప కాలవ గట్టు మీద కూర్చుని నా వైపు చూసింది. నేను మేకల వైపు చూశాను.

తరవాత ముంత పట్టుకుని వరసలో నిలబడ్డాను. తవుడు రెండు గరిటెలు పోశాడు. పొగడకుండానే.


ఆరుద్ర, వెళ్లిపోయే ముందు

దారం పడలేదు. లోకనాథం గారు మా చెట్టులో తన మొహం చూసుకుని, "చూశారా, మార్పు సాధ్యమే," అన్నారు. కనుబొమ్మలు సరిచేసుకుని వెళ్లారు.

పైడితల్లి వచ్చింది. బుట్ట దింపకుండానే చెట్టు దగ్గరికి వెళ్లింది. ఒక చంకలో చెయ్యి పెట్టింది, ఇంకో చంకలో పెట్టింది. అన్నిట్లోనూ పెట్టి చూసింది. చేతులు తుడుచుకుని లోపలికి వెళ్లిపోయింది.

తిట్టలేదు. కొట్టలేదు. చేతులు ఇరగ్గొడతానంది కదా అని చేతులు ముందు పెట్టుకునే కూర్చున్నాను. అదీ లేదు. నాతో మాట్లాడ్డం మానేసిందంతే. ఇప్పుడు ఆవిడ మేకతో చెబుతుంది, నేను వింటాను.

"ఒసే, అంబలి పొయ్యి మీదుంది. తాగేవాళ్లుంటే తాగమను."

మేక చెప్పదు. నేనే తాగుతాను.


పునర్వసు

ఆకు రాలితే రాలినచోటే ఉంటోంది. ఇదివరకు చంకలో పడ్డ ఆకు వారం తిరిగేసరికి జల్లెడయ్యేది. పురుగులు చిల్లులు చిల్లులుగా కొరికేసేవి. ఇప్పుడు పడుకున్నది పడుకున్నట్టే ఉండి, పైన జిగురు కట్టి, కుళ్లిన గుడ్డు వాసన వేస్తోంది. మురికి నీళ్లని పారబోసిన గట్టుమీద ఇప్పుడు ముక్కు మూసుకోకుండా నీళ్లు తాగేవాడు లేడు.

చెట్టుకి తిండి లేదు. దొప్పనాసకి వేళ్లు పేరుకే, నిలబడ్డానికి. తినేది చంకల్లోంచే. పురుగులూ ఎర్రలూ వదిలిందే దాని కూడు. వంటవాళ్లందర్నీ పంపేసి పెళ్లిపందిట్లో విస్తళ్లు వేసినట్టయింది మా పని. కొత్త ఆకులు పసుప్పచ్చగా వస్తున్నాయి. మా చెట్టుకే కాదు, అందరికీ.

లోకనాథం గారి దగ్గరికి పదిమందిమి వెళ్లాం. ఆయన నవ్వుతూ విన్నారు. అలా నవ్వుతూ వినడం కూడా శిక్షణలోనే నేర్పుతారనుకుంటా.

"అది పసుపు కాదు, బంగారు దశ! రాజధానిలో చెట్లన్నీ ఇప్పుడు ఇలాగే ఉన్నాయి."

"అక్కడ కూడా పోటీ పెట్టారాండీ?" అని అడిగాను.

సాయంత్రం మైకులో చెప్పారు: అందరికన్నా బంగారు రంగు తిరిగిన చెట్టుకి బహుమతి. ఇద్దరు పేర్లు కూడా ఇచ్చారట. మనిషికి పతకం అంటే చాలు, ఇల్లు తగలబడుతుంటే మంట పొడుగు కొలిపిస్తాడు.

పైడితల్లి చెట్టు కింద కూర్చుని జిగురు ఆకులు ఒక్కొక్కటీ తీస్తోంది. కాసేపు పక్కన నిలబడ్డాను. మేకని పిలిచి "ఇక్కడ ఎండ తగలట్లేదని చెప్పు," అంది. తప్పుకున్నాను.


పుష్యమి, మొదట్లో

తల్లి దొప్పే ముందు పోయింది. తవుడి చెట్టు. ఆకులు వాలిపోయి, చంకలు విడిపోయి, నీళ్లన్నీ వాకిట్లోకి కారిపోయాయి. బహుమతి చెట్టు కాబట్టి కారడంలో కూడా మొదటిదే.

తవుడు వచ్చి మా అరుగు మీద కూర్చున్నాడు. భుజాన తువ్వాలు లేదు.

"బావా, ఒక మాట. అక్కకి చెప్పకు."

"మీ అక్క నాతో మాట్లాడితే కదరా చెప్పడానికి. చెప్పు."

"పటిక."

"ఏటి?"

"పటిక బావా. నాకూ రెండు దారాలున్నాయి కదా, భయమేసింది. ముందు పీతల్నీ వాటినీ వడకట్టి పారబోశాను. ఆ మీదట చంకల్లో పటిక తిప్పాను. మురుకంతా అడుక్కి దిగిపోయింది. దాన్నీ తీసేశాను."

"ఎంత తిప్పావురా?"

"ఆయన మొహం కనబడేదాకా."

కొన్ని పాపాలకి శిక్ష వేరే అక్కర్లేదు. పటిక చేతిలో పట్టుకుని, లోకనాథం గారి మొహం ఊహించుకుంటూ చెట్టంతా తిప్పాడంటే వాడి శిక్ష వాడు ముందే అనుభవించేశాడు.

అంటే సంగతేమిటంటే, గట్టంతా బారులు తీరి, పొగిడి, రెండేసి గరిటెలు తెచ్చుకున్న తోడులో ఏమీ లేదు. ఒక్క పురుగు లేదు. బతికున్న నీళ్లు పారబోసి చచ్చిన నీళ్లు తోడు వేసుకున్నాం. పెరుగు సంగతి మాకు బాగా తెలుసు కదా, అందుకని.

లోపల్నుంచి పైడితల్లి గొంతు: "ఒసే మేకా, ఇంట్లో పటిక ఉందేమో చూసి, ఆ అరుగు మీద కూర్చున్న ఇద్దరి మెదళ్లకీ రాయి. తేరుతాయేమో."

అంతా వింది.

అప్పట్నుంచీ ముగ్గురం తలో దిక్కూ తిరిగి వెతికాం. ఒక్క చెట్టులో ఒక్క తోకపురుగైనా మిగిలిందేమో అని. పై మెట్టు, నడి మెట్టు, అన్నీ చూశాం. ఎంత శుభ్రంగా తోమారంటే, గట్టు మీద ఇంత ఐకమత్యంగా జరిగిన పని ఇంకోటి లేదు. దోమ ఒక్కటి కనబడినా కాళ్లకి దణ్ణం పెట్టేవాణ్ణి.

మా చెట్టు నడిమి ఆకు వేలితో లాగితే వచ్చేలా ఉంది. అది వచ్చేస్తే ఇంక చెట్టు లేదు.


పుష్యమి

కాలవ దగ్గర కూర్చుంటే తట్టింది. తట్టడానికి గొప్ప బుర్రేం అక్కర్లేదు, నీళ్లు పల్లానికి పోతాయని తెలిస్తే చాలు. పారబోసిందంతా ఎక్కడికి పోతుంది? కింది మెట్టుకి.

ముంత తీసుకుని బయల్దేరాను. కొంచెం దూరం వెళ్లాక వెనక్కి చూస్తే పైడితల్లి వస్తోంది. చేతిలో ఇంకో ముంత. పక్కన నడవలేదు, అలాగని ఇంటికీ పోలేదు.

కింది మెట్టు మీదికి నేనెప్పుడూ వెళ్లలేదు. మా మెట్టు వాళ్లెవరూ వెళ్లరు. అటువైపు ఉమ్మెయ్యడానికి కూడా గాలి చూసుకుని ఉమ్మేస్తాం. ఉప్పు మబ్బు పెదాలకి తగులుతుంది. రేకుల ఇళ్లు. బంగారమ్మ వదిన ఇల్లు కనుక్కోడం కష్టం కాలేదు. ఇంటి చుట్టూ కోసిన వెదురు బొంగులు నిలబెట్టి, ప్రతి బొంగు మీదా తుంగచాప ముక్క కప్పి ఉంది. మధ్యలో చామ మొక్కలు, పగిలిన కుండలు. ఒక బొంగు మీద చాప ఎత్తి చూశాను.

తోకపురుగులు. బిలబిలమంటూ. నేను జన్మలో చూసిన అందమైన దృశ్యాల్లో అది రెండోది. మొదటిదేదో పైడితల్లి వింటే బాగుండును గానీ, దూరంగా నిలబడింది.

"ఏటి మరిదీ, దొంగతనమా?" వెనకనుంచి బంగారమ్మ వదిన.

"కాదు వదినా. చూస్తన్నాను."

"చూడు. అందులో నీవి కూడా ఉంటాయి. గెడ్డం ఎంటికలు కనబడితే చెప్పు."

"ఇవన్నీ ఎక్కడివి?"

"ఎక్కడివేటి? మీరు పంపినవే. మీ మెట్టు కాలవ మా నెత్తి మీదే కదా పడేది. ఒకరోజు పీతలు కొట్టుకొచ్చాయి. ఏదో పెద్ద రోగం వచ్చిందనుకున్నాను పైన. తరవాత తెలిసింది, పోటీ అట." ఆవిడ నోట్లో నీళ్లు పుక్కిలించి ఉమ్మినట్టుగా అంది ఆ మాట. "చూస్తూ ఊరుకోలేక పట్టి బొంగుల్లో వేశాను. యంత్రం నీళ్లు తాగి తాగి విసుగెత్తాను, నాకూ ఇంటి దగ్గర కబుర్లకి ఎవరో ఒకరు ఉండాలి కదా."

ముంత ముందుకి చాపాను. "వదినా, ఒక్క ముంత. చెట్టు పోతోంది."

ఆవిడ నా ముంత వైపు చూడలేదు. పైడితల్లి వైపు చూసింది.

"ఒలే పైడీ, ఎలాగుంది చెట్టు?"

"నడిమాకు ఊగుతోంది," అంది పైడితల్లి. నా ఎదురుగా మనిషితో మాట్లాడ్డం చాన్నాళ్లకి అదే.

"నీళ్లియ్యను," అంది బంగారమ్మ వదిన. "కోపంతో కాదు. పైకి తీసుకెళ్తే ఆ లోకనాథం మళ్లీ వంగుతాడు, నీ మొగుడు మళ్లీ పారబోస్తాడు. ఒకసారి చావు తప్పించుకొచ్చిన ప్రాణులు ఇవి. రెండోసారి నేను పంపను. చెట్టు ఇక్కడికి తెచ్చుకో. ఎన్ని ముంతలు కావాలంటే అన్ని పోస్తాను."

"కిందికా!" అన్నాను. "ఇల్లో? ఇక్కడ ఉప్పు మబ్బు కదా వదినా, చెట్టుకి పడుతుందా?"

"సాయంత్రం చాప కప్పు, పొద్దున్న తియ్యి. బద్ధకం లేకపోతే పడుతుంది. నీకు చెప్పట్లేదు, పైడికి చెబుతున్నాను."

పైడికి చెప్పేసరికి పైడి అక్కడ లేదు. ముంత అక్కడే వదిలేసి పైకి పోతోంది. నేను ఇల్లు చేరేసరికి గునపం దిగింది.


పుష్యమి, మర్నాడు

మంచం మీద చెట్టు పెట్టి, తాళ్లతో కట్టి, ముందు నేనూ తవుడూ, వెనకాల మా వరసవాళ్లిద్దరూ పట్టుకుని మోశాం. దారి పొడుగునా జనం గుమ్మాల్లోకి వచ్చారు.

"ఎవరు పోయారు?"

"మేమే," అన్నాను. "కిందికి."

లోకనాథం గారు అడ్డంగా వచ్చారు. వెనకాల హిమబిందు.

"ఆగండాగండి! మీకు మూడో దారం పడలేదే! మిమ్మల్ని దింపమని సంఘం చెప్పలేదు. స్వచ్ఛందంగా దిగడానికి నిబంధన లేదు."

"అయితే జారిపడ్డామని రాసుకోండి."

"ఇది పోటీ స్ఫూర్తికే విరుద్ధం! నలుగురూ చూస్తే ఏమనుకుంటారు?"

పైడితల్లి మంచం పక్కనే నడుస్తోంది, నడిమాకు ఊగకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని. ఆగింది. నేను హడలిపోయాను. ఆయన్ని దాటుకుని నడిచింది, దారిలో పేడకడిని దాటుకున్నట్టు. ఆయనా పక్కకి జరిగారు. అధ్యక్షుల వారు దార్శనికత పక్కన పెట్టి చేసిన మొదటి పని అది.

కింద గొయ్యి తవ్వి నిలబెట్టాం. బంగారమ్మ వదిన ముంత తర్వాత ముంత పోసింది. ముంతకో తిట్టు. ముంతలు అయిపోయాక కూడా తిట్లు మిగిలాయి, అవి తవుడికిచ్చింది.


ఆశ్లేష

రేకుల ఇల్లు. పగలు ఉడుకు. సాయంత్రం చాప కప్పడం నా పని, పొద్దున్న తీయడం పైడితల్లి పని. ఆకుల అంచులు ఉప్పుకి కొంచెం కాలాయి. నడిమాకు రాలేదు, అలాగని పచ్చబడనూ లేదు. పైడితల్లి రోజూ దాన్ని చూస్తుంది. నేను పైడితల్లిని చూస్తాను.

పైనుంచి ఒక్కొక్కళ్లూ ముంతలు పట్టుకుని దిగుతున్నారు. బంగారమ్మ వదిన అందరికీ ఒకటే మాట చెబుతోంది. చెట్టు తెచ్చుకోండి. కొంతమంది తిట్టి వెళ్తున్నారు. కొంతమంది తిట్టి వెళ్లి మర్నాడు మంచం మీద చెట్టుతో వస్తున్నారు. తవుడికి తేవడానికి చెట్టే లేదు. బొంగుల మీద చాపలు మార్చే పని ఇచ్చింది వదిన. పతకం మెళ్లో వేసుకుని మార్చాలని షరతు.

నిన్న లోకనాథం గారు వచ్చారు. మూత పెట్టిన వెండి చెంబు, పైన పట్టుగుడ్డ.

"కొద్దిగా నమూనా కావాలి. పరిశోధన నిమిత్తం," అన్నారు.

"మీ ఇంటి చెట్టు ఎలాగుందండీ?" అని అడిగింది బంగారమ్మ వదిన.

ఆయన చెంబు ఒక చేతిలోంచి ఇంకో చేతిలోకి మార్చుకున్నారు. "మా ఇంట్లో... బంగారు దశ కొంచెం ముదిరింది."

"మీకూ అదే మాట బాబూ. చెట్టు తెచ్చుకోండి. నా ఇంటి పక్కనే జాగా ఉంది. చూసుకోడానికి అద్దం కూడా ఉంది, లోపల గోడకి. నీళ్లలోకి వంగక్కర్లేదు."

ఆయన కాసేపు బొంగుల వైపు చూసి, తవుడి మెళ్లో పతకం వైపు చూసి, ఖాళీ చెంబుతో పైకెళ్లిపోయారు. ఇవాళ పొద్దున్న మైకులో కొత్త పథకం ప్రకటించారు. గట్టువాసులంతా దశలవారీగా కింది మెట్టుకి తరలి వెళ్లడం. ఆయన దూరదృష్టి. రాజధానిలో చాలాకాలం కిందటే ఆలోచించారట.

బంగారమ్మ వదిన నవ్వీ నవ్వీ దగ్గు తెచ్చుకుంది.


మఖ

పొద్దున్న చాప తీసింది పైడితల్లి. నేను మేకలకి గడ్డి వేస్తున్నా. చాలాసేపు చప్పుడు లేకపోతే తలెత్తి చూశాను.

నడిమాకు మొదట్లో, లోపల, అరంగుళం మేర ఆకుపచ్చ. నేను చూస్తే నమ్మేవాణ్ణి కాదు. ఆవిడ చూస్తున్న తీరు చూసి నమ్మాను.

పక్క చంకలో చెయ్యి పెట్టింది, మెల్లిగా, నీళ్లు కలగకుండా. ఒక్కసారిగా "అబ్బా!" అని చెయ్యి లాక్కుంది. వేలికి పీత వేలాడుతోంది. గోరంత పీత, మిరపగింజంత డెక్క, వదలదు. దాని పొట్ట కింద ఇసకరవ్వల్లా పిల్లలు. అద్దెకొచ్చిన పీత కరవదు. ఇల్లు తనదనుకుంటేనే కరుస్తుంది.

పైడితల్లి వేలు ఎత్తి పట్టుకుని, నొప్పికి మొహం చిట్లించి, చుట్టూ చూసింది. మేక కనబడలేదు. నేను కనబడ్డాను.

"నవ్వావంటే చంపుతాను," అంది.

నాతోనే అంది. పక్కన ఇంకెవరూ లేరు, చూశాను.

నవ్వట్లేదు. నవ్వితే పెట్టెలో పడుతుంది. కట్టేస్తున్నా.